బలము విడిచిన వీరనారి



కథలోని పాత్ర యెవరి సొత్తు? వ్రాసినవారిదా, అచ్చువేసి యమ్ముకొనువారిదా, లేక చిన్ననాటినుండి దానిని మనసున నిలుపుకొని పెరిగిన పాఠకులదా? ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. వ్యాసభారతమున బలరామునకు శశిరేఖ యను కూతురు లేదు. అయినను 1957లో వచ్చిన మాయాబజారు చిత్రమును చూచిన మనవా రెవరును ‘ఈ పిల్ల యెక్కడిది?’ అని కోపపడలేదు; తమ యింటి బిడ్డనువలె ముద్దు చేసికొనిరి. అట్లుగాక, సత్యభామ చేతిలోని విల్లు లాగికొని, నరకునిమీదికి కృష్ణు డొక్కడే పోయెననియు, ఆమె యింట దీపములు వెలిగించుచు కూర్చుండెననియు నెవరైన నాటకమాడినచో ఎంత కలవరము పుట్టునో మీరే యూహింపుడు. పాఠకులు చేర్పును సహింతురు. తీసివేతను అంత సులభముగా సహింపరు.

ఇట్టి తీసివేత యొకటి అమెరికా దేశమున 1968వ సంవత్సరమున జరిగెను. తీసివేయబడినది ఒక వీరనారి బలము. దానిని మెచ్చినవారును గలరు, నొచ్చినవారును గలరు. ఆ వివాదము ముగిసి యర్ధశతాబ్దము దాటినను, అందలి ప్రశ్న నేటికిని స్త్రీలకు పనికివచ్చునదియే యగుటచే ఈ నెల దానిని గూర్చి ముచ్చటింప దలచితిమి. ఈ వీరుల కథలు ఇప్పుడు సినిమాలుగా మన పిల్లల కన్నుల యెదుటికే వచ్చుచున్నవి. కాబట్టి ఇది పరాయి గొడవ యని తల్లులు త్రోసివేయ నక్కరలేదు.

అమెరికాలో బొమ్మల కథల పత్రికలు, అనగా కామిక్కులు, 1930వ దశకము చివర మిక్కిలిగా వ్యాపించినవి. 1938లో సూపర్‌మాన్ అను వీరుడును, 1939లో బాట్‌మాన్ అను వీరుడును వెలసిరి. ఇర్వురును పురుషులే. 1941వ సంవత్సరము చివర ‘ఆల్ స్టార్ కామిక్స్’ అను పత్రిక యెనిమిదవ సంచికలో వండర్ ఉమన్ అను పేర నొక స్త్రీ ప్రవేశించెను. ఆమెను కల్పించినవాడు విలియం మౌల్టన్ మార్‌స్టన్. ఇతడు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు. అబద్ధ మాడువాని రక్తపు పోటులో కలుగు మార్పును పరీక్షించి నిజము తేల్చు పద్ధతిని గూర్చి పరిశోధన చేసినవాడు. బొమ్మలు గీసినవాడు హెచ్. జి. పీటర్. 1942లో ఆమె పేరనే యొక ప్రత్యేక పత్రికయు బయలుదేరెను.

కథ యిది. పురుషు డడుగిడని ద్వీప మొకటి కలదు. అందు అమెజాను లను వీరస్త్రీలు నివసింతురు. మన జైమిని భారతమున నర్జునుని గుఱ్ఱమును పట్టి కట్టివేసిన ప్రమీల రాజ్యమువంటిదే యిదియు. వారి రాణి హిప్పోలిటా సంతానమును గోరి మట్టితో నొక శిశువును మలచగా, దేవతలు దానికి ప్రాణము పోసిరి. పార్వతీదేవి నలుగుపిండితో వినాయకుని చేసిన కథను బిడ్డలకు చెప్పు మనకు ఈ పుట్టుక వింతగా తోపదు. ఆ బిడ్డయే డయానా. యుద్ధకాలమున స్టీవ్ ట్రెవర్ అను అమెరికా వైమానికుడు విమానముతోకూడ ఆ ద్వీపమున పడగా, డయానా పోటీలలో తక్కిన స్త్రీలనందరిని గెలిచి, అతనిని తోడ్కొని లోకములోనికి వచ్చెను. తుపాకి గుండ్లను త్రోసివేయు కంకణములును, చిక్కినవారిచే నిజము పలికించు పాశమును ఆమె యాయుధములు. మార్‌స్టన్ కుటుంబముతో గలిసి జీవించిన ఆలివ్ బర్న్ అనునామె ధరించు వెడల్పాటి కంకణములే ఈ కంకణములకు మూలమని చరిత్రకారులు వ్రాసియున్నారు. ఆలివ్ బర్న్ సంతాన నిరోధోద్యమమునకు పేరొందిన మార్గరెట్ సాంగర్ సోదరి కూతురు. ఆ సాంగర్ 1935లో మన దేశమునకు వచ్చి వార్ధాలో గాంధీమహాత్మునితో సంభాషించెను.

పాఠకుల యభిప్రాయమును గూర్చి చెప్పునపుడు 1942నాటి యొక లెక్కను మరువరాదు. వీరులందరు గూడిన సంఘమున ఈమెను చేర్చుకొనవచ్చునా యని పత్రికవారు పిల్లలను ప్రశ్నించిరి. మొదట వచ్చిన 1,801 జవాబులలో 1,265 మంది బాలురును, 333 మంది బాలికలును చేర్చుకొనుడనిరి. వలదన్నవారు 197 మంది బాలురు, ఆరుగురు బాలికలు మాత్రమే. చూడుడు! స్త్రీ బలమును బాలురు సహింపరని పెద్దలు తలచుచుండ, బాలురే చేతులు చాచి పిలిచిరి. కాని సంఘములో చేరిన తరువాత ఆమెకు దొరకిన పదవి యేమి? కార్యదర్శిని పదవి! తక్కిన వీరులు యుద్ధములకు తరలుచుండ, వారందరితో సమానమైన బలముగల యామె కాగితములు చూచుకొనుచు వెనుక నిలిచెను. పెండ్లిపందిరిలో పని యంతయు తలకెత్తుకొని, పీటలమీద కూర్చుండువేళ వెనుకకు పోవు ఆడుబిడ్డలను మనమెరుగనివారమా?

ఆ కాలమున ఆమె పత్రికలో మరియొక మంచి పద్ధతి యుండెను. ప్రతి సంచికయందును చరిత్ర ప్రసిద్ధురాలైన యొక స్త్రీ జీవితమును నాలుగు పుటల బొమ్మలలో చెప్పుచుండిరి. మొదటి సంచికలో నిచ్చినది ఫ్లారెన్స్ నైటింగేల్ చరిత్ర. టెన్నిస్ క్రీడాకారిణి ఆలిస్ మార్బుల్ ఈ శీర్షికకు సంపాదకురాలుగా నుండెను. 1947లో మార్‌స్టన్ మరణించిన పిమ్మట రాబర్ట్ కానిగర్ అను రచయిత దాదాపు ఇరువదియేండ్లు కథలు వ్రాసెను. క్రమముగా ఆ ప్రసిద్ధ స్త్రీల చరిత్రలు పోయి, వాటి స్థానమున పెండ్లి యాచారములను గూర్చిన పుటలు వచ్చినవి. పెండ్లి యాచారములు చెడ్డవని మేము చెప్పుట లేదు. అవి ప్రతి యింటను వినబడునవే. నైటింగేల్ చరిత్ర మాత్రము ఒక బీద బాలికకు ఆ చౌక పత్రికలో తప్ప మరెక్కడ దొరకును?

1968 నాటికి పత్రిక యమ్మకము పడిపోయెను. ఏదేని క్రొత్తదారి త్రొక్కక తప్పదని ప్రకటనకర్తలు తలచిరి. డెన్నిస్ ఓనీల్ అను యువ రచయితయు, మైక్ సెకౌస్కీ అను చిత్రకారుడును ఆ పనికి పూనుకొనిరి. ఆ యేటి సెప్టెంబరు–అక్టోబరు సంచిక, అనగా 178వది, పండ్రెండు సెంట్ల వెలతో బయటపడెను. ముఖచిత్రమున డయానా నాటి నాగరకపు దుస్తులతో క్రొత్త రూపమున కనబడెను. తరువాతి సంచికలోనే అసలు మార్పు జరిగెను. పదివేల యేండ్లుగా తమ్ము కాపాడిన మాయాశక్తి తరిగిపోయినదని అమెజానులు వేరొక లోకమునకు తరలిపోవలసివచ్చెను. స్టీవ్ ఆపదలో నున్నాడు గనుక డయానా వారితో పోక, తన దివ్యబలమును త్యజించి ఇక్కడనే నిలిచెను. ఎగురుట లేదు, పాశము లేదు, తల్లి లేదు, అక్కచెల్లెండ్రు లేరు. ఐ చింగ్ అను అంధుడైన చీనా వృద్ధుడు ఆమెకు చేతులతోను కాళ్లతోను పోరాడు విద్య నేర్పెను. ఆమె బట్టల దుకాణము పెట్టి జీవించుచు, దుర్మార్గులతో పోరాడజొచ్చెను. ఎవనికొరకు బలము విడిచెనో ఆ స్టీవ్ మరుసటి సంచికలోనే చంపబడెను.

ఇక పాఠకుల మాట. పత్రికకు వచ్చిన లేఖలలో రెండు పక్షము లేర్పడినవి.

మెచ్చినవారి వాదమును ముందుగా వినుడు. దేవతల వరముచే బలవంతురాలైన స్త్రీని చూచి బాలిక యేమి నేర్చుకొనగలదు? ఆ వరము తనకు రాదు. కాని యొక స్త్రీ క్రింద పడి లేచి, దెబ్బలు తిని, దినదినమును సాధన చేసి, తన చేతి సత్తువతో దుర్మార్గుని గెలిచినచో, ‘నేనును నేర్చుకొందును’ అని బాలిక యనుకొనును. అంతేకాక ఆమె తన దుకాణము తాను నడుపుకొనుచు, తన కూడు తాను సంపాదించుకొనుచున్నది. పాత కథలు ఒకే మూసలో పోసినట్లుండెడివి. ఇప్పుడు తరువాత నేమగునో యను కుతూహలము కలుగుచున్నది. బొమ్మలును జీవముతో నున్నవి. ఈ వాదమును మేము తేలికగా చూడజాలము. వరము పోవచ్చును గాని, నేర్చిన విద్యను ఎవరును దొంగిలింపలేరని మన పెద్దలు చెప్పలేదా?

నొచ్చినవారి వాదము వేరు. లోకమున బలవంతులైన వీరులు పదులకొలది పురుషులుండగా, వారి సరసన నిలువదగిన స్త్రీ ఈమె యొక్కతెయే. ఆ యొక్కతె బలమునే తీసివేయవలెనా? బాలుర మనసుకు దగ్గరగుటకై సూపర్‌మాన్‌చే బట్టల దుకాణము పెట్టించిరా? ఇందు న్యాయముకొరకు ఒక సంగతి చెప్పవలయును. 1971లో ఇదే ఓనీల్ సూపర్‌మాన్ బలమును గూడ కొంత తగ్గించి కథలు వ్రాసెను. కాని తగ్గించుట వేరు, పూర్తిగా ఊడబెరుకుట వేరు. తగ్గించిన యా బలమును గూడ అనతికాలముననే మరల నిండించిరి. డయానా మాత్రము నాలుగేండ్లు సామాన్య స్త్రీగా నుండవలసివచ్చెను.

ఈ రెండవ పక్షమున నిలిచినవారిలో ముఖ్యురాలు గ్లోరియా స్టైనమ్. ఆమె 1934లో జన్మించి, 1940వ దశకమున బాలికగా ఈ కథలను చదివి పెరిగినది. ఆమెకు మన దేశముతో సంబంధము కలదు. 1957లో విద్యార్థివేతనముతో ఇక్కడికి వచ్చి సుమారు రెండేండ్లు గడపెను. కులకలహములతో అట్టుడికిన తమిళనాటి రామనాథపురము ప్రాంతమున, వినోబాభావే భూదానోద్యమమునకు చెందినవారితో గలిసి పల్లెపల్లెకు నడచి, జనుల మాటలు విన్నది. ఆ భూదానోద్యమము 1951 ఏప్రిల్ 18న మన తెలంగాణములోని పోచంపల్లిలో మొదలైనదని మీకు వేరుగా చెప్పనక్కరలేదు. ఎదుటివారి మాట వినుటయే సంఘసేవకు తొలిమెట్టని ఆ నడకలో నేర్చుకొంటినని ఆమె తరువాత వ్రాసికొన్నది.

ఈ స్టైనమ్ మరికొందరు స్త్రీలతో గూడి ‘మిజ్’ అను స్త్రీల మాసపత్రికను స్థాపించెను. 1972 జూలైలో వెలువడిన తొలి మాస సంచిక ముఖచిత్రము ఏది యనుకొందురు? మహాకాయురాలైన వండర్ ఉమన్, తన పూర్వపు దుస్తులతో, పూర్వపు బలముతో, వీధిలో అడుగులు వేయుచుండుట! ఆమెయే దేశాధ్యక్షురాలు కావలెనని పైన వ్రాసిరి. బలము తీసివేయబడినదని ఆ పత్రిక లోపలి పుటలలో గట్టిగా విమర్శించిరి. అదే యేట పాత కథలను ఏరి యొక గ్రంథముగను వెలువరించిరి. ఆమె మాటకు బరువు కలుగుటకు మరియొక కారణమును గలదు. కామిక్కుల సంస్థకు యజమానియైన వార్నర్ సంస్థయే ‘మిజ్’ పత్రికలో పదిలక్షల డాలర్లు పెట్టుబడి పెట్టెను. కాబట్టి ఈ లేఖ తక్కిన పాఠకుల లేఖలవంటిది కాదు.

ఫలితము శీఘ్రముగానే కనబడెను. 1973 జనవరి–ఫిబ్రవరి నాటి 204వ సంచికలో డయానాకు బలము మరల వచ్చెను. పాత రచయిత కానిగరే తిరిగి వచ్చెను. విద్య నేర్పిన వృద్ధుని తుపాకిగుండుతో చంపివేసిరి. డయానా జ్ఞాపకమును పోగొట్టి, తల్లి ద్వీపమునకు చేర్చి, పాత దుస్తులు తొడిగి, ఐక్యరాజ్యసమితి కార్యాలయమున నొక యుద్యోగమునిచ్చిరి. నూబియా యను నల్లజాతి సోదరిని గూడ ఈ సంచికలోనే ప్రవేశపెట్టిరి. అది మంచి చేర్పే. నొచ్చినవారు సంతసించిరి. మెచ్చినవారి మాట? నాలుగేండ్లు తాము వెంబడించిన స్త్రీ, ఆమె నేర్చిన విద్య, ఆమె దుకాణము, అన్నియు ఒక్క సంచికతో తుడిచివేయబడినవి. అలికిన ముగ్గువలె జాడయైనను మిగులలేదు.

ఇందు మా మనసును మిక్కిలి కలచిన సంగతి యొకటి గలదు. దానికి ముందరి 203వ సంచికను శామ్యూల్ డిలానీ యను నల్లజాతి రచయిత వ్రాసెను. అందు యుద్ధములు గాని రాక్షసులు గాని ప్రధానము కావు. ఒక పెద్ద దుకాణమున పనిచేయు స్త్రీలకు చట్టము విధించిన కూలికంటె తక్కువ యిచ్చుచుందురు. మొదట ఆ దుకాణపు ప్రకటనలలో కనబడుటకు ఒప్పుకొన్న డయానా, సంగతి తెలిసికొని ఎదిరించి, దుకాణమును మూయించును. గెలిచితిమని సంతసించునంతలో, పని పోయిన స్త్రీలు వచ్చి ‘మా కడుపు కొట్టితివి గదా!’ అని నిలదీయుదురు. కథ అంతటితో ఆగినది. మరుసటి సంచికలో బలము తిరిగివచ్చెను గనుక ఆ స్త్రీలగతి యేమాయెనో నేటికిని తెలియదు. ఇంకను అనేక సంచికలు ఈ త్రోవనే వ్రాయదలచితిననియు, అది స్టైనమ్ విమర్శచే నిలిచిపోయెననియు డిలానీ తరువాత చెప్పెను. స్త్రీల గౌరవము కొరకు జరిగిన పోరాటము, స్త్రీల కూలిని గూర్చిన కథను నడుమ నాపివేసెను. ఎవరును కోరి చేసినది కాదు, అయినను జరిగినది.

ఓనీల్ విషయమున గూడ ఒక మాట చెప్పుట ధర్మము. తాను స్త్రీకి మేలే చేయుచున్నానని, ఆమెను స్వతంత్రురాలిని చేయుచున్నానని నమ్మితినని ఆయన పలుమారులు చెప్పెను. స్టైనమ్ ఆక్షేపణలో న్యాయమున్నదనియు తరువాత నొప్పుకొనెను. మంచి మనసుతో చేసిన పనియైనను, ఎవరికొరకు చేయుదుమో వారినడిగి చేయనిచో బెడిసికొట్టును. ఇది కథలకే కాదు, కాపురములకును వర్తించును.

బలము తిరిగి వచ్చినంతమాత్రమున వివాదము తీరెనా? లేదు. 2016 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి, స్త్రీల బాలికల అభ్యున్నతికి గౌరవ రాయబారిగా ఈ వండర్ ఉమన్‌నే ప్రకటించెను. వెంటనే సమితి యుద్యోగినులే కొందరు నిరసన తెలిపిరి. లోకమున ఇందరు సజీవ స్త్రీలుండగా బొమ్మను నిలుపుట యేమి? అదియు ఒడలు కప్పని దుస్తులతో, అమెరికా జెండా రంగులతో నున్న బొమ్మను? అని వారి వాదము. సుమారు 45,000 మంది ఆక్షేపణ పత్రముపై సంతకములు చేసిరి. రెండు నెలలు నిండకమునుపే ఆ పదవి ముగిసెను. ఏ దుస్తులను 1972లో స్త్రీలు పోరాడి తిరిగి తెప్పించిరో, ఆ దుస్తులనే 2016లో స్త్రీలు కాదనిరి. ఆ మరుసటి యేడు, 2017లో, పాటీ జెంకిన్స్ అను స్త్రీ దర్శకత్వమున వచ్చిన చలనచిత్రము అదే వీరనారిని చూపి జనాదరణము పొందెను. స్త్రీలందరికి ఒకే యభిప్రాయముండవలెనని తలచుటయే తప్పు. పురుషులలో భిన్నాభిప్రాయము కలిగినచో దానిని చర్చ యందురు. స్త్రీలలో కలిగినచో కొట్లాట యందురు. ఇది యేటి న్యాయము?

ఇక మా యభిప్రాయమును దాచక చెప్పెదము. డయానా బలము విడుచుటయే మహాపరాధమని మాకు తోపదు. బలములేని స్త్రీ ధైర్యమును గూర్చిన కథ గొప్ప కథ కాగలదు. లోపము వేరొకచోట నున్నది. మొదటిది, ఆమె బలమును విడిచినది తనకై కాదు, ఒక పురుషునికొరకు. ఆ పురుషునిని మరుసటి సంచికలో చంపి, ఆ త్యాగమునకైన అర్థము లేకుండ చేసిరి. రెండవది, ఆమె పుట్టింటినే కథలోనుండి తీసివేసిరి. తల్లి పోయెను, అక్కచెల్లెండ్రు పోయిరి. విద్య నేర్పువాడును పురుషుడే. పుట్టింటి బలము లేని యాడుదానిని లోకమెట్లు చూచునో మనకు తెలియనిదా? దివ్యబలము పోయినను తల్లి యొకనాడు వచ్చి పలుకరించునట్లును, ద్వీపపు స్త్రీలలో నొకతె తోడుండి విద్య నేర్పునట్లును వ్రాసియున్నచో, నొచ్చినవారిలో సగము మంది మెచ్చియుందురని మా నమ్మకము.

మరల బలమిచ్చినపుడును ఇట్టి లోపమే జరిగినది. పాతదానిని తెచ్చుటకు క్రొత్తదానిని నఱకవలెనా? దివ్యబలము తిరిగి వచ్చిన స్త్రీ తాను సామాన్యురాలుగా నేర్చిన విద్యను మరువనేల? కూలికై నిలిచిన స్త్రీలను విడిచి పోనేల? అత్తవారింటికి వచ్చిన కోడలు పుట్టింటి వంట మరువనక్కరలేదు. ఈ యింటి వంట నేర్వను అననక్కరలేదు. రెండును చేతనున్న యిల్లాలికే పంక్తిలో పేరు. ఈ చిన్న సంగతి ఆ ప్రకటనకర్తలకు తట్టలేదు.

లేఖలు వ్రాయు పాఠకులకు గూడ ఇందొక పాఠము గలదు. నచ్చనివారు లేఖ వ్రాయుదురు. నచ్చినవారు చదివి, నవ్వుకొని, పుస్తకము మూసి ఊరకుందురు. అందుచే పత్రికలవారి చెవికి ఒక పక్షమే గట్టిగా వినబడును. పెద్ద పేరుగలవారు ఆ పక్షమున నిలిచిరేని ఇక చెప్పవలసినదేమి? నచ్చినదానిని నచ్చినదని చెప్పుటయు బాధ్యతయే. కూర బాగున్ననాడు మాటాడక, ఉప్పు తక్కువైననాడు మాత్రమే నోరు తెరచు భర్తలను గూర్చి మనము చెప్పుకొను మాట, చదువరులుగా మనకును తగులును.

మీ యింటి పిల్లలు ఇట్టి బొమ్మల కథలు చదువుచున్నచో, సినిమాలు చూచుచున్నచో, పనికిమాలినవని చేతినుండి లాగివేయకుడు. ఒకసారి ప్రక్కన కూర్చుండి మీరును చూడుడు. ఈ స్త్రీకి బలమెక్కడనుండి వచ్చినది? దానిని విడువవలసివచ్చినపుడు ఎవరికొరకు విడిచినది? ఆపదవేళ ఆమె ప్రక్కన మరియొక స్త్రీ నిలిచినదా? ఈ మాటలు మెల్లగా నడుగుడు. బాలికనేకాదు, బాలుని గూడ నడుగుడు. 1942లో చేతులు చాచి పిలిచిన 1,265 మంది బాలురవంటివారు మన యిండ్లలోను గలరు. వారిని ‘ఆడపిల్లల కథ నీకేల?’ అని మనమే వెనుకకు లాగుచున్నామేమో యోజింపుడు.

మీ చిన్ననాట విన్న కథలలో గాని, చదివిన నవలలలో గాని, చూచిన నాటకములలో గాని, మీకిష్టమైన యొక స్త్రీ పాత్రను మరియొకరు మార్చిన సందర్భము మీ యెరుకలో నుండవచ్చును. ఆ మార్పు మీకు నచ్చెనా, నొప్పించెనా? ఎందుచేత? వంటయిల్లు సర్దుకొని తీరిక దొరకిన పూట నాలుగు పంక్తులు వ్రాసి పంపుడు. మెచ్చుచు వ్రాసిన లేఖలను గూడ అచ్చువేయుదుము.